బావ పళ్లెంలో కార్జం

మట్టయ్య బావ మీద నాకున్న కుళ్లు పెన్‌పహాడ్‌లో అందరికీ తెలుసు. దాచినా దాగేది కాదు కనుక నేనూ దాచలేదు. ఆర్టీసీలో ముప్పై ఏళ్లకు పైగా కండక్టరుగా పనిచేసి ఈ ఏడే రిటైరయ్యాను. అంతకన్నా ఎక్కువ కాలం నేను చేసిన పని ఏదైనా ఉంటే, అది ఆ మనిషిని చూసి ఓర్వలేకపోవడమే. అతను పోయి మూడేళ్లు కావస్తోంది. "నీకు రాసుడొస్తది గదా తమ్మీ, మీ బావ గురించి నాలుగు ముక్కలు రాయి. జర మంచిగ రాయి" అని మా అక్క అడిగింది. ఉన్నది ఉన్నట్టు రాస్తాను గాని మంచిగా రాస్తానని మాట ఇవ్వలేనన్నాను.

మట్టయ్య మా మేనత్త కొడుకు, మా అక్క సత్తమ్మకు భర్త. మాది తరతరాలుగా గొర్రెలు కాసే ఇల్లు. నాకు చదువు అబ్బిందని బడికి పంపారు. అతనికి అబ్బలేదని మంద వెనక పంపారు. ఖాకీ చొక్కా, నెల జీతం, ఇస్త్రీ మడతలు నావి. గొంగడి, కర్ర, గొర్రె వాసన అతనివి. న్యాయంగా చూస్తే అతనే నన్ను చూసి కుళ్లుకోవాలి. ఆ మనిషికి అలాంటి బుద్ధే పుట్టలేదు. అది నాకు ఇంకో కుళ్లు.

జాతరలో అతను భేరి కొడితే దురాజ్‌పల్లి గట్టు కింద జనం నిలబడిపోయేవారు. అతను నవ్వితే ఎదుటివాడు ఎందుకో తెలియకుండానే నవ్వేవాడు. ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది కార్జం సంగతి. ఇంట్లో యాట, గొర్రో మేకో, తెగిన రోజు కార్జం, అంటే కాలేయం, ఒక్కటే వస్తుంది. మా అమ్మ దాన్ని నిప్పుల మీద కాల్చి, ఉప్పూ కారం అద్ది, నేరుగా అల్లుడి పళ్లెంలో వేసేది. నేను కన్నకొడుకుని, నాకు చీకే బొక్కలూ పులుసూ.

"నాకేదమ్మా?" అంటే, "వాడు ఎండల తిరిగేటోడు బిడ్డా. నువ్వు బస్సుల కూసునేటోనివి" అనేది.

బస్సులో కండక్టరు కూర్చుంటాడని ఆమెకు ఎవరు చెప్పారో! అమ్మ పోయాక అక్క అదే అలవాటు పట్టింది. ప్రతిసారీ నేను గొణిగేవాణ్ణి. బావ నా ముఖం చూస్తూ, నవ్వుకుంటూ, మెల్లగా నమిలేవాడు. కార్జంలోకి నా గొణుగుడు నంజుకునేవాడన్నమాట.

2001 ఎండాకాలం సంగతి ఒకటి చెబుతాను. మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా కోదాడ పోయే బస్సులో డ్యూటీ నాది. ఎండలు ముదిరాయంటే మావాళ్లు మందలు తోలుకుని కాలవ నీళ్లున్న ఆ వైపుకు వలసపోతారు. కోసిన వరిమళ్లలో మందను నిలిపితే రైతుకు ఎరువు, గొర్రెకు మేత. ఒకరోజు మిట్టమధ్యాహ్నం బస్సు ఆగిపోయింది. ముందు రోడ్డు నిండా గొర్రెలు. వాటి నడుమ గొంగడి భుజాన వేసుకుని మా బావ. డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. బావ మాత్రం తీరిగ్గా నా కిటికీ కిందికి వచ్చాడు.

"ఏం బామ్మర్దీ, రెండు నూర్ల మందిమి ఉన్నం. టికెట్లు కొడ్తవా?"

బస్సంతా నవ్వు. నాకు రాలేదు. మిర్యాలగూడలో ఎక్కినప్పటి నుంచి ఒంటికి పోకుండా బిగబట్టుకుని ఉన్నాను. నిండు బస్సు ఆపి కండక్టరు దిగిపోతే జనం ఊరుకోరు. మా ఉద్యోగంలో అందరికీ అలవాటైన బాధే అది. నేను చూస్తుండగానే బావ రోడ్డు దిగి, తుమ్మచెట్టు చాటుకు పోయి, ఆకాశంలోకి చూస్తూ, ఏ తొందరా లేకుండా పని కానిచ్చుకున్నాడు. దానిక్కూడా కుళ్లుకున్నానంటే మీరు నవ్వుతారు. నవ్వండి, నాకేం. తిరిగొచ్చి కిటికీలోంచి చెయ్యి పెట్టి నా చొక్కా జేబులోని బీడీకట్ట లాక్కున్నాడు. చిన్నప్పటి నుంచీ అంతే. కట్ట నాది, బీడీలు ఇద్దరివీ.

ఆ బీడీలు మా ఇద్దరినీ 2010లో పట్టుకున్నాయి.

ముందు నన్ను. జూన్ నెలలో కోదాడ బస్టాండులో ఒంటికి పోతే ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు, మంట లేదు. మర్నాడు మామూలుగానే వచ్చింది. నేనైతే వదిలేసేవాణ్ణే. నా భార్య స్వరూప వదల్లేదు. ఆదివారం ఆదివారం హైదరాబాద్ నుంచి మిర్యాలగూడ వచ్చి చూసే శశిధర్ డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. ఆయన గొట్టం వేసి చూశాడు, ముక్క తీసి పరీక్షకు పంపాడు. మూత్రాశయంలో క్యాన్సర్ గడ్డ, కండలోకి దిగింది, మొత్తం తీసెయ్యాలి అన్నాడు. తీసేశాక పొట్ట మీద కుడివైపు చిన్న రంధ్రం పెడతారు, దానికి సంచి అతికిస్తారు, మూత్రం దాంట్లోకి దిగుతుంది, బతికినంతకాలం అంతే. ఎన్నేళ్లుగా బీడీ తాగుతున్నారని అడిగాడు. మీసాలు రాకముందు నుంచని చెప్పాను.

ఆగస్టులో హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. సంచితో కోదాడలో మా ఇంటికొచ్చాను. నడిస్తే అది కదులుతుంది, పడుకుంటే అది గుర్తొస్తుంది. ఎవరైనా ముక్కు తుడుచుకుంటే నా వాసనేనేమో అని పక్కకు జరుగుతాను. చొక్కాలన్నీ వదులుగా కుట్టించుకున్నాను. తర్వాత డిపోవాళ్లు దయతలచి కోదాడ బస్టాండులో విచారణ కిటికీ వెనక కూర్చోబెట్టారు.

నేనింకా మంచంలో ఉన్నప్పుడు బావ జున్ను పట్టుకుని చూడ్డానికి వచ్చాడు. ఎట్లా మొదలైందో అడిగాడు. చెప్పాను. బావ జున్ను గిన్నె కింద పెట్టి దగ్గరికి జరిగాడు.

"నాకు గూడ వస్తున్నది బామ్మర్దీ. పోయిన దసర కాన్నుంచి. వేడి జేసిందనుకున్న. సబ్జగింజలు తాగిన, కల్లు తాగిన. వస్తది, పోతది."

దగ్గర దగ్గర ఏడాది. కాస్త నడవగలిగాక నేనే అతన్ని వెంటబెట్టుకుని మిర్యాలగూడ తీసుకుపోయాను. డాక్టరు కాగితంలో రోగి వెంట వచ్చినవారు అన్నచోట నా పేరే రాశారు. నాకు బాగాలేకపోయినా బావ కోసం తిరుగుతున్నానని ఊరు మెచ్చుకుంది. స్వరూప కూడా మెచ్చుకుంది. నిజం ఏమిటంటే, అతనికీ సంచి పడాలని నేను కోరుకున్నాను. చావాలని కాదు, దేవుడి సాక్షి. సంచి పడాలని మాత్రం మనసారా కోరుకున్నాను. ఒక్కసారైనా ఇద్దరం ఒకేలా ఉండాలనిపించింది.

నా రోగమే అతనిదీ అని తేలింది. అదే డాక్టరు, అదే ఆపరేషన్. నవంబరులో తేదీ ఇచ్చారు. సరిగ్గా అప్పుడే నాకు రంధ్రం పక్కన చీము పట్టి జ్వరం వచ్చింది, వెంట పోలేకపోయాను. ఆపరేషన్ కాగితాల మీద అక్క ఒక్కతే వేలిముద్ర వేసింది.

పదిరోజులకు ఇంటికి తీసుకొచ్చారు. జ్వరం తగ్గీ తగ్గకముందే పెన్‌పహాడ్ పరుగెత్తాను. సంచి చూద్దామని. బావ మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే చొక్కా ఎత్తాడు. బొడ్డు దగ్గర నుంచి కిందిదాకా కుట్లు. రంధ్రం లేదు. సంచి లేదు.

"తెరిసి సూసిన్రు తమ్మీ" అంది అక్క. "తీసే పని లేదన్నరు. మల్ల కుట్టి పంపిన్రు."

అక్క ఒక్క అబద్ధమూ ఆడలేదు. మిగతాదంతా మేమే అల్లుకున్నాం. ముందు అల్లింది మా పెద్దమ్మ వెంకటనర్సమ్మ. దురాజ్‌పల్లి గట్టు మీది దేవత చౌడమ్మకు గొర్రెను ఇచ్చేముందు దాని మీద పసుపునీళ్లు చల్లి చూస్తాం. గొర్రె ఒళ్లు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. ఎంతసేపు చూసినా విదిలించకపోతే కత్తి పక్కన పెట్టి, దాన్ని మళ్లీ మందలోకి తోలేస్తాం. పెద్దమ్మ బావ పొట్ట మీది కుట్లు తడిమి చూసి కళ్లు మూసుకుంది.

"అమ్మకు మట్టడు వద్దంట. కత్తి కిందికి వోయినోన్ని మల్ల మందలకు తోలింది" అంది.

సాయంత్రానికల్లా ఊరంతా అదే మాట. చూసిపోవడానికి వచ్చినవాళ్లు బావ కాళ్లకు మొక్కడం మొదలుపెట్టారు. నేను ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఒకే కట్టలో బీడీలు తాగినవాళ్లం. రక్తం పడ్డాక నేను ఆగింది రెండు నెలలు, అతను ఏడాది. నన్ను కోసి, తీసి, సంచి తగిలించి పంపిన దేవత, అతన్ని చూసిచూడగానే వదిలేసిందట. దేవతల దగ్గర కూడా కార్జం అతనికే, బొక్కలు నాకే.

ఆ తర్వాత అక్క అతన్ని రెండుసార్లు హైదరాబాద్ తీసుకుపోయింది. బలం సూదులు అని చెప్పింది. బావ ఎప్పుడూ తలకు రుమాలు చుట్టుకునే ఉంటాడు కాబట్టి జుట్టు ఊడింది ఎవరికీ కనబడలేదు. కనబడినా నేను గమనించే స్థితిలో లేను. నా చూపంతా అతని సంచి లేని పొట్ట మీదే.

2011 ఫిబ్రవరిలో, రెండేళ్లకోసారి జరిగే గట్టు జాతర వచ్చింది. దేవత తిప్పి పంపిన మనిషి కదా, మా ఊరి భేరి అతని చేతికే ఇచ్చి ముందు నడిపించారు. నేను కూడా స్నానం చేసి, కొత్త సంచి అతికించుకుని, గట్టు ఎక్కుదామని బయల్దేరాను. పెద్దమ్మ నా చొక్కా వైపు చూసింది.

"గా సంచితోని గట్టెట్ల ఎక్కుతవ్ కొడుకా? కిందనే ఉండు."

కిందనే ఉన్నాను. ట్రాక్టర్ల పక్కన, ఎండలో. పైనుంచి దేవుణ్ణి పిలుస్తూ ఓ లింగా ఓ లింగా అని భక్తుల కేకలు వినిపిస్తుంటే వాటి మధ్యలోంచి బావ చేతి దెబ్బ విడిగా తెలుస్తోంది. మధ్యాహ్నానికి అందరూ దిగొచ్చారు. బావ ముఖం వాడిపోయి ఉంది గాని కళ్లు మెరుస్తున్నాయి. నన్ను చూసి, నలుగురూ వినేలా అన్నాడు.

"మా బామ్మర్ది సర్కారు మనిషి. టికెట్ల సంచి ఒక్కటి సాలలేదని ఇంకోటి గూడ ఇప్పిచ్చుకున్నడు!"

బావా బామ్మర్దుల ఎగతాళి మా దగ్గర కొత్త కాదు. ఆ రోజు మాత్రం నాకు ఒళ్లు మండిపోయింది. జనం పగలబడి నవ్వారు. "ఇగ నీ ముఖం సూడ బావా" అని చెప్పి వచ్చేశాను. స్వరూప ఎంత సర్దిచెప్పినా వినలేదు.

మార్చిలో పరీక్షల కోసం మిర్యాలగూడ పోయాను. శశిధర్ డాక్టరు నా రిపోర్టులు చూసి అంతా బాగుందన్నాడు. నేను లేవలేదు. ఇన్నాళ్లు దాచుకున్నదంతా ఆయన మీద కక్కేశాను.

"ఏం బాగుంది సార్? మా ఇద్దరిదీ ఒకటే రోగం అన్నరు. మా బావది తెరిసి సూసి ఉంచిన్రు. నాదెందుకు తీసిన్రు? నాది గూడ సూసి ఉంచితే మీ సొమ్మేం పోయేది?"

డాక్టరు మా బావ ఫైలు తెప్పించాడు. కాగితాలు తిప్పి, బావ వెంట వచ్చింది నేనేనని చూసుకున్నాడు.

"పరశురాములు గారూ, మీ అక్కగారు మీకేం చెప్పలేదా?"

"తీసే పని లేదని సెప్పిన్రంట గదా."

"తీసి లాభం లేదని చెప్పాం." ఆయన గొంతు తగ్గించాడు. "పొట్ట తెరిచాక లోపలి పొర మీద, కాలేయం మీద గింజల్లా కనిపించాయి. అంత చిన్నవి స్కానింగులో కనబడవు. రోగం అక్కడిదాకా పాకాక మూత్రాశయం తీసినా ఆగదు. కోత బాధ మిగులుతుంది, ఉన్న నాలుగు రోజులూ ఆసుపత్రిలోనే గడుస్తాయి. అందుకే మూసేశాం. మందు ఎక్కించి చూశాం, కిడ్నీలు తట్టుకోలేదు, ఆపేశాం."

"ఎన్నాళ్లు సార్?"

"ఇలా మూసేసినవాళ్లలో కొందరు ఆరు నెలలు, కొందరు ఏడాది. మందు పడినవాళ్లలో కొద్దిమంది అంతకన్నా ఎక్కువ. మీరు ఇంకో ఏడాది ఆగి వచ్చుంటే మీదీ మూసేసి పంపేవాణ్ణి."

ఉన్నది ఉన్నట్టు రాస్తానన్నాను కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. ఆ మాట వినగానే నాకు ముందు కలిగింది సంతోషం. జీవితంలో మొదటిసారి అతనికన్నా నాకు ఎక్కువ దక్కింది. ఆ సంతోషం ఆసుపత్రి మెట్లు దిగేదాకా కూడా నిలవలేదు. బస్టాండులో నా సంచిని చొక్కా మీదనుంచి పట్టుకుని కూర్చుని ఏడ్చాను. తెలిసిన డ్రైవరు ఒకడు వచ్చి సంచి ఊడిందా అన్నా అని అడిగాడు.

నేరుగా పెన్‌పహాడ్ పోయాను. అక్క దొడ్డిలో గొర్రెపిల్లలకు ఆకు వేస్తోంది. నా ముఖం చూడగానే తెలిసిపోయింది ఆమెకు.

"సెప్పిండా డాక్టరు?"

"నాకెందుకు జెప్పలేదక్కా?"

"నీకు జెప్తె దాగుతదా? నీ మనసుల ఏముంటే ముఖంల గదే ఉంటది" అంది. చేతిలో ఆకు కింద పడేసి నా రెండు చేతులూ పట్టుకుంది. "తమ్మీ, నీకు దండం వెడ్త. గా మనిషికి తెల్వొద్దు. అమ్మ తిప్పి పంపిందని నవ్వుకుంట మంద జూస్కుంటున్నడు. ఎన్నాళ్లుంటే అన్నాళ్లు గట్లనే ఉండనీ."

"మరి నేనేం జెయ్యాలె?"

"ఎప్పటిలెక్కనే కుళ్లుకో. నువ్వు మంచిగ మాట్లాడినవంటే గప్పుడే అనుమానమొస్తది."

అంత దుఃఖంలోనూ నవ్వొచ్చింది. పుట్టినప్పటి నుంచి ఎవరూ అడక్కుండా చేసిన పనిని ఇప్పుడు మొక్కి అడుగుతోంది మా అక్క. సరేనని ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. చాలా తేలికైన పని అనుకున్నాను.

కుళ్లు ఉన్నప్పుడు మాటలు వాటంతట అవే వస్తాయి. లేనప్పుడు ఒక్కొక్కటీ వెతుక్కోవాలి. ఆదివారం వచ్చిందంటే కోదాడ నుంచి పెన్‌పహాడ్ వచ్చేవాణ్ణి. దారి పొడుగునా ఇవాళ దేనికి కుళ్లుకోవాలా అని ఆలోచించుకునేవాణ్ణి. "నీకేంది బావా, నిండు మనిషివి" అనేవాణ్ణి. "చౌడమ్మ నీకు సుట్టమాయె" అనేవాణ్ణి. అతను మెల్లమెల్లగా సన్నబడుతున్నాడు. గొంగడి భుజం మీద నిలవడం లేదు. "బక్కగైతున్నవేంది?" అని అడిగితే "నీ దిష్టే బామ్మర్దీ, ఇంకెవలది?" అని నవ్వేవాడు. నేను కూడా నవ్వి, పెరట్లోకి పోయి ముఖం కడుక్కుని వచ్చేవాణ్ణి.

ఉగాది తెల్లారి యాటను కోశారు. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. అక్క మనసు ఎక్కడుందో, కార్జం ఉన్న గిన్నె తెచ్చి మా ఇద్దరి మధ్యన పెట్టి నీళ్ల కోసం పోయింది. నేను ఆ ముక్కలన్నీ తీసి బావ పళ్లెంలో వేశాను. "తిను బావా, బలమొస్తది" అన్నాను. ఆలోచించి చేసింది కాదు, చెయ్యి దానంతట అదే పోయింది. బావ నా వైపు కొంచెంసేపు చూశాడు. నవ్వకుండా తిన్నాడు. అక్క ఒట్టు నిలబెడుతున్నాననే ధీమాలో ఉన్నాను నేను.

మే నెలలో అతని కాళ్లు వాచాయి. రక్తం గడ్డలు గడ్డలుగా పడింది. తర్వాత అసలు రావడమే ఆగిపోయింది. సూర్యాపేటలో చూసి హైదరాబాద్ పంపారు. గడ్డ పెరిగి దారి మూసుకుపోయిందట. నడుము దగ్గర పొడిచి, కిడ్నీలోకి గొట్టం వేసి, దాని చివర సంచి కట్టి పంపారు. దారి మూసుకుపోయింది కనుక ఇట్లా పెట్టారని బావకు చెప్పారు, అంతకన్నా చెప్పలేదు.

నేను కోరుకున్న సంచి. అందరికన్నా ముందు దాన్ని చూసింది నేనే. ఎట్లా వంపాలో, ఎట్లా శుభ్రం చేయాలో, పడుకునేటప్పుడు గొట్టం మడతపడకుండా ఎట్లా పెట్టుకోవాలో అతనికి నేర్పింది కూడా నేనే. అక్క, "మా తమ్ముడు లేకుంటే ఏమైదుమో" అని అందరితో చెప్పింది. ఆ మాట విన్నప్పుడల్లా తల దించుకున్నాను.

జూలైలో ఒకరోజు పొద్దున, మంద చూడాలని ఉంది తీసుకుపొమ్మన్నాడు. అప్పటికి మందను పాలివాళ్లు కాస్తున్నారు. ఆటోలో మంద మేసే చెలక దాకా పోయాం. తుమ్మచెట్టు కింద కూర్చోబెట్టాను. గొర్రెలను చాలాసేపు చూశాడు. కొన్నిటిని పేరు పెట్టి పిలిచాడు. తర్వాత ఇద్దరం లేచి చెట్టు చాటుకు పోయి, పక్కపక్కన నిలబడి ఎవరి సంచి వాళ్లం వంపుకున్నాం. నాది నీళ్లలా ఉంది. అతనిది ఎర్రగా ఉంది.

"బామ్మర్దీ, ఎన్నాళ్లన్నడు డాక్టరు?"

"ఏంది ఎన్నాళ్లు? నీకేమైంది? నువ్వు నిండు..."

"ఇగ ఆపు. నేను గొల్లోన్ని. జిందగీల ఎన్ని యాటల కడుపులు కోసిననో లెక్క లేదు. కోసినంక కార్జం మీద మచ్చలు గనవడ్తె మనం ఇంక లోపట చెయ్యి వెడ్తమా? పక్కకు వెట్టి లేస్తం. గా దవాఖాన్ల కండ్లు తెరిసినంక ఇటు తడుముకున్న, అటు తడుముకున్న. సంచి లేదు. గప్పుడే సగం ఎర్కయింది."

"మరి సగం?"

"ఉగాది తెల్లారి నువ్వు సెప్పినవ్."

"నేనా? నేనేం జెప్పలే బావా! అక్క మీద ఒట్టు!"

"కార్జం తీసి నా పళ్లెంల ఏసినవ్. తిను బావా అన్నవ్. ముప్పై అయిదేండ్లల ఒక్కనాడన్న అన్నవా గా మాట? గప్పుడనుకున్న, ఇగ ఖతం అని. గా ముక్క మింగుడు పడలె నాకు."

నా బతుకులో అతనికి చేసిన ఒకే ఒక్క మంచి అది. అదే అతనికి చావు కబురు చెప్పింది.

"సత్తికి జెప్పకు, నాకెర్కని" అన్నాడు బావ. "దాసిన అనుకోని ధైర్యంగున్నది ఆమె. గట్లనే ఉండనీ."

"అంత తెలిసినోనివి, జాతరల నన్నట్ల ఎందుకన్నవ్ మరి? అందరి ముందట?"

కింద కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను.

"గట్టు దిగంగ నిన్ను సూసిన. ఎండల నిలవడ్డవ్, అంగి కింద సంచి ఎత్తుగ గనవడ్తున్నది. అది సూడంగనే నాకు ఓర్వబుద్ధి కాలె. వీనికి వడ్డది, నాకు వడకపాయె అనిపిచ్చింది. ఎన్నడు లేంది, నీ మీద కుళ్లు వుట్టింది. నోట్లకెల్లి గా మాటొచ్చింది." నా ముఖంలోకి చూశాడు. "మంచిగుండదు బామ్మర్దీ గది. లోపట కొరుకుతది. ఇన్నేండ్లు ఎట్ల బరిస్తివిరా?"

జీవితమంతా అతను నన్ను చూసి ఒక్కసారైనా కుళ్లుకోవాలని ఎదురుచూశాను. కుళ్లుకున్నాడట. నాకు తెలియనే లేదు.

"ఒకపారి సూపెట్టు" అన్నాడు. చొక్కా ఎత్తాను. నా సంచి మీద అరచెయ్యి పెట్టి అట్లాగే ఉంచాడు. "వెచ్చగున్నది" అన్నాడు. కాసేపటికి చెయ్యి తీసి గొంగడి సర్దుకున్నాడు. "ఇగ నా తోని మంచిగుండకు. మునుపటిలెక్కనే ఉండు. నువ్వు మంచిగుంటే ఇప్పుడే వోయినట్లనిపిస్తున్నది. ఏదన్న ఒకటి దొర్కవట్టి కుళ్లుకో జర."

దేనికని కుళ్లుకోను? ఎముకలు బయటపడ్డ మనిషి. నడుముకు గొట్టం. సంచిలో రక్తం. ఎంతో వెతికాను. చివరికి ఒకటి దొరికింది.

"నీకేంది బావా" అన్నాను. "నాకంటె ముందుగాల వోతున్నవ్. ఆడ మా అమ్మ ఉంటది. మల్ల కార్జం నీకే వెడ్తది."

బావ నవ్వాడు. నడుము పట్టుకుని, నొప్పికి మూలుగుతూ, కళ్ల వెంట నీళ్లు కారేలా నవ్వాడు. మంద అంతా తలలెత్తి మా వైపు చూసింది.

సెప్టెంబరు చివర్లో పోయాడు. సకల జనుల సమ్మె రోజులు, నేను కూడా సమ్మెలోనే ఉన్నాను. చుట్టాలు కొందరు ఆటోల్లో, కొందరు బండ్ల మీద వచ్చారు. అతన్ని తీసుకుపోతుంటే రోడ్డు మీద ఒక్క బస్సు కూడా ఎదురు రాలేదు. మంద రోడ్డు నిండా పరుచుకుని మా వెనకే నడిచింది. హారన్ కొట్టి దాన్ని పక్కకు తప్పుకోమన్నవాళ్లు లేరు. పొట్ట మూసి పంపాక సరిగ్గా పది నెలలు బతికాడు. డాక్టరు చెప్పిన లెక్కలోనే ఉంది అది. చివరిదాకా అతనికి తెలియదనే అక్క అనుకుంది. ఇది చదివించుకున్నప్పుడు తెలుస్తుంది. నన్ను తిడుతుంది, తిట్టనీ.

2013 జాతరకు నేను సంచితోనే గట్టెక్కాను. వద్దనడానికి పెద్దమ్మ లేదు, ఉన్నా ఆగేవాణ్ణి కాదు. భేరి ఎవరో కుర్రాళ్లు కొట్టారు, బాగా కొట్టలేదు. ఆ మాట వాళ్ల ముఖం మీదే చెప్పాను. దిగొచ్చాక యాట తెగింది. అక్క కార్జం కాల్చి, ఉప్పూ కారం అద్ది, తిన్నగా వచ్చి నా పళ్లెంలో వేసింది.

ఊహ తెలిసినప్పటి నుంచి నేను అడిగిన ముక్క. పక్కన నా ముఖం చూసి నవ్వే మనిషి లేడు.

"నాకొద్దక్కా" అన్నాను.

"తిను తమ్మీ" అంది అక్క. "బలమొస్తది."

శశిధర్ డాక్టరు నా గురించి ఈమెకు ఏమైనా చెప్పాడా అని ఆమె ముఖంలోకి చూశాను. ఏమీ లేదు. ఇంట్లో తినడానికి మిగిలిన మగమనిషిని నేనే, అంతే. తిన్నాను. ఉప్పు తక్కువైందనీ, బావకైతే ఇట్లాగే పెట్టేదానివా అనీ అక్కతో పోట్లాట పెట్టుకున్నాను.